బొమ్మరైలు శిల్పి జాన్ ఆలెన్

దసరా దినములలో గాని సంక్రాంతి దినములలో గాని బొమ్మల కొలువు తీర్చు ఇండ్లకు మీరు పోయియే యుందురు. పై మెట్ల మీద దేవతామూర్తులు కొలువు తీరియుందురు. క్రింద నేలపై పిల్లలు తమ యిష్టము వచ్చినట్లు ఒక పల్లెటూరిని కట్టుదురు. పళ్లెములో మట్టి పోసి మొలిపించిన ఆవపైరు పొలమగును. అద్దపుముక్క చెరువగును. ఇసుక బాట యగును. ఇటుకముక్కలు పేర్చి పైన కాగితము కప్పినచో అది కొండ యగును. పండుగ వెళ్లిన మరునాడు తల్లి చీపురు పట్టి దాని నంతయు ఊడ్చివేయును. పిల్లలు ఒక పూట చిన్నబోయి, పిమ్మట మరచిపోవుదురు.

అట్లు మరచిపోలేని వారును లోకమున కొందరు గలరు. అట్టివారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశస్థుడైన జాన్ ఆలెన్. అద్దములు, కట్టెముక్కలు, ప్లాస్టరు ముద్దలు మొదలగు సామాన్య వస్తువులతో అతడు తన యింటి నేలమాళిగలో పర్వతములను, లోయలను, నగరములను, రేవుపట్టణమును నిర్మించెను. వాని నడుమ వందల అడుగుల పొడవున పట్టాలు పరచి, వాని మీద జానెడేసి రైలింజనులను నడపెను. ఆ పనిలో అతడు దాదాపు 27 సంవత్సరములు గడపెను. ఇది పిల్లలాట కాదా యని మీరడుగవచ్చును. పెద్దలు పలువురు అట్లే అనుకొందురు. అతని చరిత్ర విన్న పిమ్మట మీరే తీర్పు చెప్పుడు.

జాన్ విట్బీ ఆలెన్ 1913వ సంవత్సరము జూలై 2వ తేదీన మిస్సోరి రాష్ట్రమందలి జాప్లిన్ పట్టణమున జన్మించెను. సీసపు గనులకును, తుత్తునాగపు గనులకును ఆ పట్టణము పేరుపొందినది. తల్లిదండ్రుల ప్రేమను చిరకాల మనుభవించు భాగ్యము ఆ బాలునికి లేకపోయెను. చిన్నతనముననే అతడు వారిని పోగొట్టుకొనెను. అది చాలదన్నట్లు రుమాటిక్ జ్వరము అతనిని పట్టుకొనెను. ఈ వ్యాధి సామాన్యముగా పిల్లలకే వచ్చును. గొంతునొప్పితో మొదలై, కీళ్లను పీడించి, తుదకు గుండె కవాటములను చెరచిపోవును. నేడు పెన్సిలిన్ మందుతో దీనిని ఆదిలోనే అణచవచ్చును గాని, ఆలెన్ బాల్యమున ఆ మందు ఇంకను వాడుకలోనికి రాలేదు. జ్వరము తగ్గెను, గుండె మాత్రము బలహీనమై మిగిలెను. తోడి బాలురవలె పరుగులెత్తుటకు, బరువులు మోయుటకు అతనికి వీలులేకపోయెను.

శరీరము సహకరింపనివారు పలువురు కంటికిని చేతివ్రేళ్లకును పని కల్పించుకొందురు. ఆలెన్ కెమేరాను చేపట్టెను. యౌవనమున కాలిఫోర్నియా రాష్ట్రమందలి లాస్ ఏంజలస్ నగరమున ఛాయాచిత్రములు తీయుటయే అతనికి వృత్తి యయ్యెను. ఏ వస్తువుపై వెలుగు ఎటునుండి పడినచో అది ఎట్లు కన్పట్టునో, నీడ ఎంత యుండిన ముఖమునకు నిండుదనము వచ్చునో, దూరపు వస్తువు ఎట్లు మసకబారునో అతడు వృత్తిరీత్యా నేర్చుకొనెను. ఈ విద్య అతనికి పిమ్మట ఎంత యక్కరకు వచ్చెనో ముందు చెప్పెదను. సంపాదించిన ధనమును అతడు దుబారా చేయలేదు. వివేకముతో పెట్టుబడులు పెట్టి, నడివయస్సు రాకముందే, మితముగా బ్రతికినచో ఉద్యోగము లేకయే జీవింపగల స్థితికి వచ్చెను. అప్పటి కతనికి నిండ ముప్పదియైదేండ్లు లేవు.

1946వ సంవత్సరమున ఆలెన్ మాంటరే పట్టణమున స్థిరపడెను. అది పసిఫిక్ సముద్రతీరమున, శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు దక్షిణముగా నున్న చిన్న ఊరు. ఒకప్పుడు స్పెయిన్ దేశమువారు కాలిఫోర్నియాను పాలించుచుండగా అదియే వారికి ముఖ్యపట్టణము. అక్కడ అతడు ఒక పెద్ద బల్లంత చోటున తన మొదటి బొమ్మరైలు మార్గమును నిర్మించెను. అది సుమారు మూడున్నర అడుగుల వెడల్పును, ఆరున్నర అడుగులకు పైబడిన పొడవును గల చిన్న పీఠము. ఆ చిన్న చోటునందే అతడొక గ్రామమును, కొండలను, సొరంగములను, వంతెనలను ఇరికింపగలిగెను.

ఆ రైలుమార్గమునకు అతడు పెట్టిన పేరు విచిత్రమైనది. ‘గోర్ అండ్ డఫెటిడ్’ అని వ్రాసి, ‘గోరీ అండ్ డిఫీటెడ్’ అని పలుకవలెను. వ్రాతలో చూచినచో ఏవో రెండు ఊళ్ల పేర్లవలె కన్పట్టును. నోట పలికినచో నెత్తురోడుచు ఓడిపోయినది యని అర్థమిచ్చును. మరియొక చోట అతడు కట్టిన కొండలకు ఆకిన్‌బాక్ పర్వతము లని పేరు. ఆంగ్లమున ఆ మాట నడుము నొప్పి యను మాటవలె వినబడును. వంగి వంగి ప్లాస్టరు మెత్తినవాని నడుము ఏమగునో వేరుగ చెప్ప బనిలేదు. గుండె బలహీనమైనవాడు, పెక్కు చిక్కుల నెదుర్కొన్నవాడు తన రాజ్యమునకు విజయపురమని కాక పరాజయపురమని పేరు పెట్టుకొని నవ్వుకొనుటలో ఒక ధైర్య మున్నదని నాకు తోచును.

ఇచట ఈ బొమ్మరైళ్ల కొలతను గూర్చి కొంత తెలిసికొనవలెను. ఆటవస్తువుల దుకాణములలో అమ్ము రైలుకు సరియైన కొలత యుండదు. ఇంజను ఒక లెక్కన, పెట్టె మరియొక లెక్కన ఉండును. ఆలెన్ ఎన్నుకొన్న పద్ధతికి హెచ్‌.ఓ. కొలత యని పేరు. దీనిలో సమస్తమును నిజమైన వస్తువులో 87వ వంతుగా చేయుదురు. ఐదున్నర అడుగుల మనుష్యుడు ముప్పాతిక అంగుళము ఎత్తున నిలుచును. అరువది అడుగుల రైలుపెట్టె ఎనిమిది అంగుళములకు కొంచెము మించును. రెండు పట్టాల నడుమ దూరము 16.5 మిల్లీమీటర్లు మాత్రమే. కిటికీ రెక్క, మెట్టు, దీపస్తంభము, పీపా, నిచ్చెన – అన్నియు ఇదే లెక్కను తప్పకుండవలెను. ఒక్కటి తప్పినను చూపరి కన్ను వెంటనే పట్టుకొనును. ఏది తప్పినదో చెప్పలేకపోవచ్చును గాని, ఇది బొమ్మ సుమా యని మాత్రము గుర్తించును.

కొన్ని సంవత్సరములకు ఆలెన్ అదే యూరిలో మరియొక యింటికి మారెను. ఆ యింటి క్రింద విశాలమైన నేలమాళిగ యుండెను. 1953, 1954 ప్రాంతములందు అతడచట తన మహానిర్మాణమును ఆరంభించెను. మొదటి చిన్న పీఠమును అతడు పారవేయలేదు. దానిని తెచ్చి క్రొత్త నిర్మాణములో ఒక మూలను అతుకు కనబడకుండ కలిపివేసెను. మొదట కట్టిన గోర్ గ్రామము ఆ విధముగా పెద్ద రాజ్యములో ఒక పల్లెగా నిలిచెను.

ఆ దినములలో సామాన్యముగా బొమ్మరైలు కట్టువారు ఒక బల్లను వేసి, దానిమీద పట్టాలు గుండ్రముగా త్రిప్పి, పై నుండి క్రిందికి చూచుచుండెడివారు. ఆలెన్ ఆ పద్ధతిని త్రోసివేసెను. అతని కొండలు గది నేలనుండి మొదలై కప్పువరకు లేచెను. లోయలు చూపరి మోకాళ్ల క్రిందికి దిగిపోయెను. మనుష్యులు నడచుటకై విడిచిన సందులే ఆ కొండల నడుమ కనుమలయ్యెను. గదిలోనికి వచ్చినవాడు ఒక బొమ్మను చూచుటకు మారుగా ఒక దేశములోనికి ప్రవేశించినట్లుండెడిది. ఒక వంతెన మీద నిలిచిన బండికి పైన మరియొక వంతెన, దానికి వెనుక ఇంకొక వంతెన, ఆపైన మబ్బులలో గ్రేట్ డివైడ్ అను కొండనగరము. గదిలో ఎచట నిలిచినను అన్నియు ఒక్కమారు కనబడవు. బండి ఒక సొరంగమున దూరి, అది ఎచట తేలునో చూపరి ఊహింపలేకుండెను.

గది పెద్దదే యైనను అది గదియే. పర్వతములను ఇముడ్చుట ఎట్లు? ఇచటనే అతని ఛాయాగ్రహణ విద్య అక్కరకు వచ్చెను. మీరు రైలుకట్టమీద నిలిచి చూచినచో దూరమున పట్టాలు రెండును దగ్గరగుచున్నట్లు కన్పట్టును గదా. తంతి స్తంభములు పోనుపోను పొట్టివగును. మన కన్ను ఈ లెక్కనుబట్టియే దూరమును గ్రహించును. ఆలెన్ ఆ కన్నునే మోసపుచ్చెను. ముందున్న ఇండ్లను సరియైన కొలతతో కట్టి, వెనుకనున్న ఇండ్లను అంతకన్న చిన్నవిగా, ఇంకను వెనుకనున్న వానిని మరింత చిన్నవిగా చేసెను. చెట్లను కూడ అట్లే తగ్గించుచు పోయెను. దూరపు కొండలకు రంగు పలుచన చేసి కొంచెము నీలము కలిపెను. ఏలన దూరముననున్న కొండ నీలముగా కన్పట్టుట మన మెరిగినదే. ఈ విధముగా రెండు మూడడుగుల లోతుగల చోటు మైళ్ల కొలది విస్తరించినట్లు తోచెను.

అద్దములతో అతడు చేసిన పని ఇంకను ఆశ్చర్యకరము. ఒక వీధి చివర నిలువుటద్దము నిలిపినచో ఆ వీధి రెండింతలగును. కాని అద్దమని తెలిసినచో సొగసు పోవును. అంచు కనబడరాదు, చూపరి తన ముఖమును అందులో చూచుకొనరాదు, బండి అద్దమునకు ఎదురుగా వచ్చినచో దానికి ఎదురు మరియొక బండి వచ్చినట్లు కనబడరాదు, అద్దములో దుకాణముల పేర్లు తిరగబడి కనబడరాదు. ఈ చిక్కులన్నిటిని అతడు ఒక్కొక్కటిగా విప్పెను. అంచులను వంతెనల చాటునను, గోడల మూలలందును, చెట్లవెనుకను దాచెను. అతని గదిలో ఎన్ని అద్దములున్నవో చూడవచ్చినవారు కనిపెట్టలేకపోవుట సామాన్యముగా జరిగెడిది.

గది దీపములను కూడ అతడు నిర్మాణములో భాగముగనే చూచెను. పగటి వెలుతురు క్రమక్రమముగా తగ్గి, వెన్నెలవంటి నీలికాంతి పరచుకొనును. అప్పుడు బొమ్మ ఇండ్ల కిటికీలలో దీపములు వెలుగును. స్టేషనులలో దీపములు మినుకుమినుకు మనును. చీకటిలో ఒక రైలు తన ముందుదీపముతో లోయను దాటిపోవును. ఇట్టి ఏర్పాటు చేసినవాడు నాటకశాలలో దీపములు నడపువానితో సమానుడు.

ఇక అతని మరియొక నూతన మార్గమును చెప్పవలెను. ఆ కాలమున బొమ్మరైలు ఎంత మెరసిన అంత గొప్ప యని పలువురు తలచెడివారు. అంగడినుండి తెచ్చిన ఇంజను రంగు చెదరకుండ, మచ్చ పడకుండ గాజు బీరువాలో నుంచుకొనెడివారు. నిజమైన రైలింజను అట్లుండునా? మీరు ఆవిరి ఇంజనును బొమ్మలలోనైన చూచియుందురు. దాని ఒడలెల్ల మసి. చక్రములకు చమురును దుమ్మును కలిసిన జిడ్డు. నీరు కారినచోట తెల్లని చారలు. గూడ్సు పెట్టెలకు త్రుప్పు, పగిలిన పలకలు, వెలిసిన అక్షరములు. ఆలెన్ తన బండ్ల నన్నిటిని ఈ విధముగా పాతబడునట్లు చేసెను. క్రొత్త బొమ్మను చేతికి తీసికొని, దానికి మసి పూసి, రంగు వెలవెలబోవునట్లు చేసి, ముప్పదియేండ్లు ఎండవానలలో పనిచేసినట్లు కనబడ జేసెడివాడు. ఇండ్ల పైకప్పులు నడుమ కొంచెము క్రుంగియుండెడివి. పెరడులలో చెత్తకుప్పలు, విరిగిన బండి చక్రములు. శుభ్రతను మీకు నిత్యము బోధించు ఉపాధ్యాయులు ఈ మాట విని నవ్వవచ్చును గాని, మసిలోను ఒక సత్య మున్నదని ఆలెన్ గ్రహించెను. ఈ పద్ధతి తరువాతి వారికందరికిని మార్గదర్శక మయ్యెను. నేడు బొమ్మరైలు కట్టువారిలో దీనిని పాటింపనివా రరుదు.

కేవలము చూచుటకే యైనచో అది ఒక చిత్రపటముతో సమానము. ఆలెన్ దృష్టిలో రైలుమార్గమనగా పని చేయవలెను. అతని స్నేహితులు కూడి వచ్చి ఆ రైలుమార్గమును నిజమైన రైలు ఉద్యోగులవలె నడపెడివారు. ఒకరు ఒక స్టేషనును, మరియొకరు ఒక బండిని చూచుకొనెడివారు. ఏ గూడ్సు పెట్టె ఏ యూరికి పోవలెనో, ఏ బండి ఏ స్టేషనులో ఎదురుబండికై నిలువవలెనో నిర్ణయముండెను. కాలమునకు కూడ ప్రత్యేకమైన లెక్క యుండెను. హెచ్‌.ఓ. కొలతలో ఒక మైలు సుమారు 60 అడుగులు మాత్రమే. స్టేషనుకును స్టేషనుకును నడుమ కొలది అడుగులే యుండును. మన గడియారముతో చూచినచో బండి బయలుదేరిన నిమిషములోనే చేరిపోవును. అందుచేత ఆ గదిలో వేగముగా తిరుగు గడియారము నొకదానిని అమర్చెను. ఉదాహరణమునకు గడియారము పండ్రెండు రెట్లు వేగముగా తిరిగినచో, మన ఐదు నిమిషములలో దానికి గంట గడచును. ఆ గంటలో బండి రెండు స్టేషనులు దాటుట అసహజముగా నుండదు. దూరమును కుదించినవాడు కాలమును గూడ కుదింపక తప్పదు.

ఇంత కచ్చితముగా పనిచేయువారు సామాన్యముగా నవ్వుట మరచిపోవుదురు. ఆలెన్ అట్టివాడు కాడు. అతని రైలుమార్గమున 13వ సంఖ్యగల ‘ఇంజను’ ఒక జంతువు. వీపుమీద పలకలవంటి ఎముకలుగల స్టెగోసారస్ అను ప్రాచీన జంతువు బొమ్మకు ఎమ్మా అని పేరు పెట్టి, యార్డులో పెట్టెలను లాగు పనిలో నియమించెను. నూనె, బొగ్గు లేకుండ గడ్డి తిని పనిచేయు ఇంజను అన్నమాట! కోట్ల సంవత్సరముల క్రిందట నశించిన ఆ జంతువు, సమస్తమును నిజమువలె తీర్చిన ఆ లోకములో, ఎవరికిని వింత కానట్లు గూడ్సు పెట్టెలను ఈడ్చుచుండెడిది. చిన్న పట్టాలమీద నడచు మరియొక ఉపమార్గమునకు హెలెన్‌గాన్ అను ఊరి పేరు పెట్టెను. ఎవరును చేరలేనంత దూరమను ఆంగ్ల నానుడికి అది మారువేషము.

పెట్టెలను సర్దుటనుగూర్చి అతడొక చిక్కుముడిని కూడ కల్పించెను. దానికి ‘టైమ్ సేవర్’ అని పేరు. 1972లో అది పత్రికలో ప్రకటితమయ్యెను. ఒక చిన్న పలకమీద ఐదు పాయింట్లతో కొన్ని పొట్టి పట్టాలుండును. ఒక ఇంజను, ఐదు పెట్టెలు. ఒక్కొక్క పెట్టెకు చేరవలసిన చోటు నిర్ణయింపబడి యుండును. చోటు చాలదు; ఒక పెట్టెను త్రోయుటకు మరియొకదానిని తొలగింపవలెను; దానిని తొలగించుటకు మూడవదాని అడ్డు తీయవలెను. ఎవరు తక్కువ కాలములో అన్నిటిని తమ తమ చోట్లకు చేర్చుదురో వారు గెలిచినట్లు. చూచుటకు సులభముగా నుండును. ఆడ మొదలుపెట్టినవాడు పది నిమిషములలో తల గోకుకొనును. మీలో లెక్కల యందు ఆసక్తి గలవారు కాగితముమీద పట్టాలు గీసి, అగ్గిపెట్టెలతో ఇట్టి ఆటను కల్పించుకొనవచ్చును.

ఇన్ని చేసినను ఆలెన్ పేరు ఆ యూరు దాటి పోవుటకు అతని ఛాయాచిత్రములే కారణము. మాంటరేకు వచ్చి చూచినవారు కొలదిమంది. పత్రికలలో అతని చిత్రములు చూచినవారు వేలకొలది. ‘మోడల్ రెయిల్‌రోడర్’ అను మాసపత్రిక 1934లో అమెరికాలో స్థాపింపబడినది. దానిలోను, అట్టి యితర పత్రికలలోను 1940 తరువాత అతని వ్యాసములు, చిత్రములు వెలువడసాగెను. వార్నీ అను బొమ్మరైళ్ల సంస్థ తన ప్రకటనలకు అతని చిత్రములను వాడుకొనెను. సరకు కొనదలచినవారు మాత్రమే గాక, కొనలేనివారు కూడ ఆ ప్రకటనలకై పుటలు త్రిప్పెడివారు.

చిన్న వస్తువులను చిత్రించుటలో నొక పెద్ద చిక్కు గలదు. కెమేరాను దగ్గరగా తెచ్చినకొలది, దాని ఎదుటి కొలది అంగుళములే స్పష్టముగా వచ్చును. ముందున్నదియు వెనుకనున్నదియు మసకబారును. ఆ మసకను చూచిన వెంటనే ఇది బొమ్మయని తెలిసిపోవును. ఏలన నిజమైన కొండను, నిజమైన రైలును దూరమునుండి తీసినప్పుడు అన్నియు స్పష్టముగనే యుండును. దీనికి ఉపాయమేమనగా కటకము ముందరి రంధ్రమును మిక్కిలి చిన్నది చేయుట. రంధ్రము చిన్నదైనకొలది స్పష్టత లోతుగా వ్యాపించును. కాని అప్పుడు లోనికి పోవు వెలుతురు తగ్గును. అందుచేత ఫిల్ముపై చిత్రము పడుటకు చాలసేపు తెరచియుంచవలెను. అంతసేపు కెమేరా కదలరాదు, బండి కదలరాదు, నేలమీద ఎవరును గట్టిగా నడువరాదు. సహనము లేనివాని కీ పని సాగదు. ఆలెన్ కెమేరాను పైనుండి క్రిందికి చూచునట్లు పెట్టక, ముప్పాతిక అంగుళపు మనుష్యుని కన్నెంత యెత్తున నుండునో అంత యెత్తునకు దింపి చిత్రించెడివాడు. అప్పుడు వంతెన మన తలపైకి లేచును. ఇంజను మన మీదికి వచ్చును.

కెమేరా అతనికి పరీక్షాధికారి కూడ. మన కన్ను ప్రేమతో చూచి తప్పులను మన్నించును. కెమేరా మన్నింపదు. గోడమీద అంటిన జిగురు చుక్క, కప్పుమీది వ్రేలిముద్ర, చెట్టుకు చిక్కిన నూలుపోగు – చిత్రములో నివి తాటికాయలంతేసి కనబడును. చిత్రమును చూచుట, తప్పు పట్టుకొనుట, పోయి దిద్దుట, మరల తీయుట. ఈ విధముగా శిల్పి ఛాయాగ్రాహకునికి, ఛాయాగ్రాహకుడు శిల్పికి గురువయ్యెను. ఆ రెండు విద్యలు వేరు వేరు మనుష్యులకు దక్కియుండినచో అతని పని ఇంత దూరము వచ్చెడిది కాదనుట నా అభిప్రాయము.

ఇదే కాలమున అమెరికాలో ఒక మార్పు వచ్చెను. 1950 తరువాత పదియేండ్లలో ఆవిరి ఇంజనులు ఆ దేశపు రైలుమార్గములనుండి తొలగిపోయెను. వాని స్థానమును డీసెలు ఇంజను లాక్రమించెను. పాత ఇంజనులను వేలకొలది విరుగగొట్టి ఇనుపతుక్కు క్రింద నమ్మివేసిరి. బొగ్గు నింపు గోపురములు, నీటితొట్లు, గుండ్రని లోకోషెడ్లు కూలిపోయెను. ఆలెన్ నేలమాళిగలో మాత్రము ఆవిరి ఇంజనులే కొండలెక్కుచుండెను. అతని గదిలోని ఊళ్లు లోకమున ఎచ్చటను లేవు. పటములో వెదకినను దొరకవు. అయినను చూచినవారికి తాము ఎరిగిన ఏదో యొక ఊరు అందులో కనబడెడిది.

బాల్యమున పట్టిన వ్యాధి మాత్రము అతనిని విడువలేదు. కొండలు కట్టుటకై నిచ్చెన లెక్కవలెను. పీఠముల క్రింద దూరి తీగలు కలుపవలెను. ప్లాస్టరు బస్తాలు జరుపవలెను. అలసిన గుండెతో ఈ శ్రమ యంతయు చేయుట సామాన్యము కాదు. పని ఒక యేడాదిలో ముగించవలెనను తొందర అతనికి లేకుండెను. ఓపిక యున్నంత చేసి, లేనినాడు ఒక చిన్న ఇంటి కిటికీ చట్రమునో, ఒక పెట్టె మెట్లనో చెక్కుచు కూర్చుండెడివాడు. కొండ ఎక్కలేనివాడు కొండను కట్టెను.

1973వ సంవత్సరము జనవరి 6వ తేదీన ఆలెన్ గుండెపోటుతో మరణించెను. అప్పటి కతని వయస్సు 59 సంవత్సరములు. మిత్రులు ఇంకను దుఃఖమునుండి తేరుకొనలేదు. ఆ రైలుమార్గమును ఏమి చేయవలెను, ఎట్లు కాపాడవలెను అను ప్రశ్న వారి ముందు నిలిచియుండెను. అతడు పోయిన పది దినములకు ఆ యింటిలో నిప్పు పుట్టెను. ఎండిన కట్టె, కాగితము, రంగులు, చెట్లకై వాడిన పుల్లలు – అగ్నికి అంతకన్న కావలసినదేమి? ఇరువది యేండ్లు కట్టిన పర్వతములు, నగరములు, వంతెనలు అధికభాగము కాలిపోయెను. అతుకు తెలియకుండ కలిపిన ఆ మొదటి చిన్న గ్రామమును అందుతోడనే పోయెను.

మిగిలినవి ఛాయాచిత్రములు. తన పనిని పరీక్షించుకొనుటకును, పత్రికల కంపుటకును అతడు సంవత్సరముల తరబడి తీసిన చిత్రములు నలుప్రక్కల వెదజల్లబడి యుండుటచేత అగ్నికి చిక్కలేదు. మోడల్ రెయిల్‌రోడర్ పత్రికకు చిరకాలము సంపాదకుడుగా నుండిన లిన్ వెస్ట్‌కాట్ ఆ చిత్రములను, వివరములను సేకరించి యొక గ్రంథమును సిద్ధపరచెను. అచ్చయి వచ్చుసరికి ఆయనయు లేడు, 1980లో గతించెను. ఆ గ్రంథము 1981లో వెలువడెను.

బొమ్మరైళ్లు కట్టువారు నేటికిని ఆ చిత్రములను చూచి, ఫలానా లోయలో వంతెన ఎట్లు నిలిచినది, ఫలానా వీధిలో అద్దము ఎచ్చట దాగినది యని వాదించుకొనుచుందురు. టైమ్ సేవర్ ఆటను అనేక దేశములలో చిన్న పలకల మీద అమర్చి, ఐదు పెట్టెలను ముందుకును వెనుకకును త్రోయుచు ఆడుచున్నారు.